వెనక బెంచీకి రాని పళ్లెం

మొన్న శనివారం సాయంత్రం మా మేనత్త పోయింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. గుండె ఎప్పటినుంచో మొరాయిస్తోంది. కాబట్టి పోవడంలో వింతేమీ లేదు. వింతంతా ఆ తర్వాతే మొదలైంది. నేను సంఘ పెద్దకు ఫోన్ చేసి చెప్పి, తిరిగొచ్చి ఆవిడ దవడకు గుడ్డ కడుతున్నానో లేదో, మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఆవిడ ఫోటో వచ్చేసింది. చుట్టూ గులాబీలు, పైన ఎగురుతున్న పావురం, కింద బంగారు రంగు అక్షరాలతో ‘మా ప్రియ సహోదరి ప్రభువునందు నిద్రించారు’ అని. పెట్టింది ఆ పెద్దాయనే. పదకొండేళ్లుగా ఎదురుపడితే గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయిన మనిషికి, ఊపిరి ఆగిన గంటలో ఆవిడ ప్రియ సహోదరి అయిపోయింది. ఆ ఫోటో కింద చేతులు జోడించిన బొమ్మలు తోరణం కట్టినట్టు వరసగా పడ్డాయి. వాటిలో నాదీ ఒకటి ఉంది. ఈ రాసేదాంట్లో ఎవర్ని తిట్టినా, నన్ను కలుపుకునే తిడుతున్నానని ముందే చెప్పేస్తున్నాను.

మాది రాజోలు దాటి సముద్రం వైపు వెళ్తే కాలువ చివర తగిలే ఊరు. ఒకప్పుడు వరి, కొబ్బరి తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు సగం ఊరు రొయ్యల చెరువులే. మా అత్త అక్కడే ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సమ్మగా చేసి రిటైరైంది. పెళ్లయిన రెండేళ్లకే మామయ్య పోయాడు. పిల్లల్లేరు. ఊళ్లో నడివయసు వాళ్లలో సగం మందిని ఈ లోకంలో మొదట పట్టుకున్న చేతులు ఆవిడవే. మా సంఘ పెద్ద కొడుకులిద్దరూ ఆ చేతుల్లో పడ్డవాళ్లే.

మా ఊళ్లో భక్తికి కరువు లేదు. ఆటో వెనక వాక్యం, రొయ్యల మేత కొట్టు మీద వాక్యం, ఫోన్ మోగితే కీర్తన. క్రిస్మస్ వస్తే మందిరం మీద పెట్టే నక్షత్రం ఏటా ఒక అడుగు పెరుగుతుంది, పక్క సంఘం వాళ్ల నక్షత్రం కంటే చిన్నదైతే మా వాళ్లకు అన్నం సయించదు. లోకం చెడిపోయింది, జనం దేవుణ్ణి మరిచిపోతున్నారు, లౌకిక యుగం వచ్చేసింది అని పెద్దాయన ప్రతి ఆదివారం మైకులో వాపోతారు. ఆ లౌకిక యుగమనేది ఢిల్లీలోనో విదేశాల్లోనో ఉందని ఆయన ఉద్దేశం. అది తన రొయ్యల చెరువు గట్టు మీదే మకాం పెట్టిందని ఆయనకు ఒక్క మనిషే చెప్పింది. ఆవిడ గురించే ఈ రాత.

ఆవిడ భక్తికి మైకు లేదు గానీ బెరుకు కూడా లేదు. రాజోలు బస్టాండు పక్క హోటల్లో టీ తాగాలన్నా ముందు కళ్లు మూసుకుని కృతజ్ఞత చెప్పేది. చుట్టూ సిగరెట్లు, కేకలు, క్రికెట్టు కబుర్లు. నేను పక్కన కూర్చుని ఫోన్ చూస్తున్నట్టు నటించేవాణ్ణి. ఒకసారి “టీకి కూడా ఎందుకత్తా, చల్లారిపోతోంది” అన్నాను. “చల్లారితే తాగలేమా? నీకు సిగ్గేస్తే అవతల బల్ల దగ్గర కూర్చో” అంది. నేను నిజంగానే అవతల బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్లు, బళ్లో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, నిర్భయంగా ఉండమని కూడా చెబుతున్నాను.

కాన్పు కష్టమైనప్పుడు ఆవిడ తల్లిని అడిగేది, “మా దేవుణ్ణి అడగమంటావా అమ్మా?” అని. సరేనంటే నాలుగు మాటలు ప్రార్థన చేసేది. వద్దంటే, “అయితే మీ దేవుణ్ణి నువ్వు అడుగు, పని నేను చేస్తాను” అనేది. పక్కింటివాళ్లు ప్రసాదం తెచ్చిస్తే, “ఇది నేను తిననమ్మా, ఏమనుకోకు. నీ చేతి పనసపొట్టు కూర ఉంటే మాత్రం గిన్నెడు పెట్టు” అని మొహం మీదే చెప్పేది. ఎవరూ ఏమీ అనుకోలేదు. నవ్వుతూ తీసుకుని, తలుపు వేశాక కోళ్లకు పారేసే మా ఇళ్ల మీదే లోపల్లోపల అందరికీ కోపం ఉండేది. ఇంకొకసారి, టీకా వెయ్యని పిల్లలకు వేసినట్టు రాయమని పైవాళ్లు ఒత్తిడి చేస్తే రాయలేదు. పడవ దాటి వెళ్లాల్సిన లంక ఊరికి మార్చేశారు. మూడేళ్లు పడవ మీదే తిరిగింది. “ఆ లంకలో పిల్లలకి టీకాలెయ్యద్దేంట్రా మరి?” అని తప్ప దాని గురించి ఇంకో మాట మాట్లాడగా నేను వినలేదు.

ఇక రొట్టె సంగతి చెప్పాలి. మా సంఘంలో ప్రతి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. పులవని గోధుమ రొట్టె ఒకటి పళ్లెంలో పెట్టి, పెద్దాయన ప్రార్థన చేసి విరిస్తే, ఆ పళ్లెం వరస వరసకీ వెళ్తుంది. బాప్తిస్మం పొందినవాళ్లు తలా ఒక చిన్న ముక్క తుంచుకుంటారు. ఆ రొట్టె నలభయ్యేళ్లుగా చేసేది మా అత్తే. శనివారం మధ్యాహ్నం తల స్నానం చేసి, పిండి కలిపి, తడిగుడ్డ కప్పి నాననిచ్చి, కొబ్బరి మట్టల సన్నని సెగ మీద ఇనప పెనం పెట్టి కాల్చేది. పిండి కలిపేటప్పుడు మాట్లాడేది కాదు. పలకరిస్తే తల ఊపేది, అంతే. ఆ రొట్టె మాడదు, గట్టిపడదు, తుంచితే చక్కగా విడుస్తుంది, పళ్లు లేని ముసలివాళ్ల నోట్లో కూడా కరుగుతుంది. ఆ పళ్లెం పట్టుకుని ఆడవాళ్ల వైపు బెంచీల మధ్య తిరగడం నా పని. దానికి తెల్ల చొక్కా వేసుకోవాలి. ఆ తెల్ల చొక్కా అంటే నాకు చాలా ఇష్టం.

పదకొండేళ్ల కిందట పెద్దాయన చెరువులో రొయ్యకు తెగులొచ్చింది. నీళ్లు వెంటనే మార్చాలి. మురుగుకాలవకు వదలాలంటే చుట్టూ తిప్పి తీసుకెళ్లాలి. పొలాలకు నీళ్లు పారే బోదె మాత్రం చెరువు పక్కనే ఉంది. ఒకరోజు పొద్దున్న ఏడింటికి మా అత్త పెరట్లో బట్టలుతుకుతుంటే, ఎదురుగా గట్టు మీద పెద్దాయన గొడుగు పట్టుకుని నిలబడి, పనివాళ్లతో తూము పలకలు తీయిస్తున్నారు. ఆ ఉప్పునీళ్లు బోదెలోంచి సత్తిబాబు పొలంలోకి వెళ్లాయి. సత్తిబాబు ఊళ్లో సన్నకారు రైతు, రామాలయం వీధి మనిషి. పైరు పొట్ట మీద ఉంది. నాలుగు రోజుల్లో ఆకుల కొసలు ఎర్రబడ్డాయి, పది రోజులకు చేను నిలువునా ఎండింది.

సత్తిబాబు అర్జీ పెట్టుకున్నాడు. విచారణకు అధికారులు వస్తున్నారని తెలిసి పెద్దాయన మందిరంలోనే ఒక కథ వదిలారు. “పీతలండీ. పీతలు గట్టు తొలిచేశాయండి. మనమేం చేస్తాం, ప్రకృతి కదండి” అన్నారు. సంఘమంతా ఆ పీతల్ని మింగేసింది. గట్టు తొలిచే పీతలు తూము పలకలు కూడా ఒక్కొక్కటీ తీసి పక్కన పేర్చాయా అని ఎవరూ అడగలేదు. మందిరం నేల మీద పరిచిన చలవరాళ్లు ఆయనవే, కాళ్లకు చల్లగా ఉన్నాయి.

విచారణకు ముందురోజు సాయంత్రం ముగ్గురు పెద్దమనుషులు మా అత్త వసారాలోకి వచ్చారు. ఆవిడ చూసిందని వాళ్లకు తెలుసు. దగ్గర చుట్టం కదా అని నన్ను కూడా తీసుకొచ్చారు.

“ఏం లేదమ్మా, రేపు నువ్వు గట్టు మీదకి రావడం గురించి కాస్త ప్రార్థన చేసుకుని నిర్ణయం తీసుకో” అన్నారు ఒకాయన మెత్తగా.

“దేని గురించండి ప్రార్థన?”

“అదేనమ్మా, చెప్పాలా వద్దా అని.”

“ఆకలేస్తే ప్రార్థన చేసుకుని తింటాం గానీ, తినాలా వద్దా అని ప్రార్థన చేస్తామేంటండి? నిజం చెప్పడానికి ప్రార్థన అక్కర్లేదండి. చెప్పకుండా ఉండడానికే చాలా ప్రార్థనలు కావాలి. అవి మీరు చేసుకుంటన్నారు కదా, చేసుకోండి. టీ పెట్టనా?”

టీ తాగే వెళ్లారు. దార్లో నన్ను చూసి తల అడ్డంగా ఊపి, “మీ అత్తకి కాస్త గర్వం మాస్టారూ” అన్నారు. నేను “ఆయ్” అన్నాను.

మర్నాడు గట్టు మీద ఊరంతా ఉంది. వచ్చిన అధికారి ఎవరైనా చూశారా అని అడిగాడు. ఎవరూ నోరు మెదపలేదు. సత్తిబాబు అందరి మొహాలూ ఒక్కొక్కటే చూస్తున్నాడు. నా మొహం దగ్గరికి వచ్చేసరికి నేను చెప్పుకు అంటిన బురద గీక్కుంటున్నాను. అప్పుడు మా అత్త చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని గట్టెక్కింది.

“నేను చూశానండి. పీతలు కాదండి. ఈయనే దగ్గరుండి పలకలు తీయించేరండి.”

పెద్దాయన నవ్వారు. “అమ్మా, నీకు కళ్లు సరిగ్గా కనబడతన్నాయా?”

“మీ అబ్బాయిల బొడ్లు కోసినప్పుడు కనబడ్డాయి కదండి. ఆ కళ్లేనండి.”

తూము సిమెంటు వేసి మూయించారు. పెద్దాయన నష్టం కట్టాల్సి వచ్చింది. సత్తిబాబు చేను మళ్లీ పచ్చబడడానికి రెండు పంటల కాలం పట్టింది. ఇంటికి వస్తూ దారిలో నేను, “నీకెందుకత్తా ఈ గొడవంతా” అన్నాను. “పీతలకి మాటొస్తే నేను చెప్పాల్సిన పని లేదురా” అంది.

ఆ వచ్చే ఆదివారం పెద్దలు లేచి ప్రకటన చదివారు. సహోదరుడి విషయాన్ని అన్యుల ముందుకు ఈడ్చి సంఘానికి నింద తెచ్చినందుకు మా అత్తను బల్లకు నిలిపేస్తున్నామన్నారు. అంటే, ఆరాధనకు రావచ్చు, వెనక బెంచీలో కూర్చోవచ్చు, రొట్టె మాత్రం ముట్టుకోకూడదు. అందరి ముందూ తప్పయిందని ఒప్పుకునేదాకా అంతే. మా అత్త లేచి నిలబడింది.

“ఒక్క మాటండి. ఎండింది అన్యుడి పొలమే కదండి. మరి ఎవరి ముందు చెప్పాలండి?”

మందిరంలో ఆడవాళ్లు మాట్లాడకూడదని ఆవిడకు గుర్తుచేశారు. వాళ్లకు తెలిసిన వాక్యాలన్నీ సరిగ్గా అవసరమైనప్పుడే గుర్తొస్తాయి. తర్వాత ప్రార్థన చేస్తే, సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను.

ఇప్పుడు చెప్పబోయేది నమ్మడం కష్టం, కానీ మా వాళ్లను ఎరిగినవాళ్లు నమ్ముతారు. మా అత్తను నిలిపేశాక రొట్టె ఎవరు చెయ్యాలన్న సమస్య వచ్చింది. మొదటి వారం పెద్దాయన భార్య చేశారు. అది విరవడానికి పెద్దాయనకు రెండు చేతులూ, ఒక మోకాలూ కావలసి వచ్చాయి. రెండో వారం ఇంకొకావిడ చేసింది, పచ్చిపిండి వాసన. మూడో వారం అమలాపురం బేకరీ నుంచి ఏదో తెప్పించారు, నోట్లో పెట్టుకుంటే యాలకుల వాసన, తియ్యగా ఉంది. వృద్ధులు గొణిగారు. నాలుగో శనివారం పెద్దాయన నన్ను పిలిచి ఒక స్టీలు డబ్బా, తెల్లగుడ్డ చేతికిచ్చారు.

“మీ అత్తగారి చేత చేయించి తీసుకురండి మాస్టారూ. ఆవిడ తినకూడదు గానీ, ఆవిడ చేసింది మనం తినొచ్చండి. దానికి వాక్యంలో అడ్డేం లేదు. నేను చూసేను.”

ఆయన చూశారు కూడా. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. కళ్లద్దాలు పెట్టుకుని, పేజీలు తిప్పి, ఒక ముసలిదాన్ని బయట కూర్చోబెట్టి ఆవిడ చేతి రొట్టె తినడానికి అడ్డేమైనా ఉందేమోనని నిజంగానే వెతికారు.

నేను డబ్బా తీసుకెళ్లి మా అత్త ముందు నిలబడ్డాను. మొహాన కొడుతుందనుకున్నాను. కొడితే బాగుణ్ణు కూడా. ఆవిడ డబ్బా మూత తీసి వాసన చూసి, “కడగలేదేంట్రా ఇది?” అంది. కడుక్కుంది. పిండి కలపడం మొదలుపెట్టింది.

“వాళ్లకెందుకు చేస్తావత్తా?” అన్నాను.

మాట్లాడలేదు. పిండి కలిపేటప్పుడు మాట్లాడదని మరిచిపోయాను. కాల్చి, చల్లార్చి, గుడ్డలో చుట్టి నా చేతికిస్తూ అంది. “వాళ్లకి చెయ్యట్లేదు. ముప్ఫయ్యేళ్ల నుంచి ఎవరికి చేస్తన్నానో ఆయనకే. నువ్వు మోసుకెళ్లు.”

అలా పదకొండేళ్లు మోశాను. శనివారం సాయంత్రం ఆవిడ చేతిలోంచి రొట్టె తీసుకోవడం, ఆదివారం పొద్దున్న తెల్ల చొక్కా తొడుక్కుని అదే రొట్టె పళ్లెంలో పెట్టుకుని ఆవిడ వైపు నడవడం. వెనక బెంచీలో ఇంకా బాప్తిస్మం కానివాళ్లు, చూడ్డానికి వచ్చినవాళ్లు కూర్చుంటారు. ఆవిడ తలుపు పక్క చివర్న కూర్చునేది. నేను దాని ముందు బెంచీ దాకా వెళ్లి, మడమ మీద తిరిగి వెనక్కి వచ్చేసేవాణ్ణి. మా ఇద్దరి మధ్యా ఒక్క అడుగు ఉండేది. మంచాన పడేదాకా ఆవిడ ఒక్క ఆదివారం కూడా మానలేదు. వానొచ్చినా వచ్చింది, కాలువ పొంగి దారి మునిగినా వచ్చింది. తప్పయిందని ఒక్క మాట అనెయ్యమని మధ్యలో ఎన్నోసార్లు కబురు పెట్టారు. “తప్పయితే చెప్పేదాన్నే. నిన్న కూర మాడింది, తప్పయింది. అది రాసుకోమను” అనేది.

నాకేం అడ్డమొచ్చిందని మీరు అడగొచ్చు. ఏమీ లేదు. నాది సర్కారు ఉద్యోగం, పెద్దాయన నన్నేం చెయ్యలేడు. పిల్లల పెళ్లిళ్లు అప్పటికే అయిపోయాయి. భయపడడానికి ఒక్క గట్టి కారణమైనా ఉంటే ఇక్కడ రాసుకుని కాస్త పరువు దక్కించుకునేవాణ్ణి. నలుగురూ నా వైపు తిరిగి చూస్తారేమోనన్న బెరుకు, ఆ తెల్ల చొక్కా, ‘మాస్టారు మంచివారు’ అన్న పేరు, ఇవే నన్ను ఆ ఒక్క అడుగు వెయ్యనివ్వలేదు. ఆ పెద్దాయన కనీసం తన చెరువు కోసం చేశాడు. నేను దేనికోసం చేశానో నాకే తెలియదు.

సత్తిబాబు మాత్రం ఏటా మాసూళ్లవగానే ఒక బస్తా కొత్తబియ్యం ఆవిడ వసారాలో దింపి వెళ్లేవాడు. ఒకసారి నేనున్నప్పుడు, “మీవోళ్లు ఆవిణ్ణి వెనక్కి కూచోబెట్టేరంట కదండి, నా మూలానేనా?” అని అడిగాడు. నేను ఏదో నసిగాను. లోపల్నించి అత్త కేకేసింది. “నీ మూలాన కాదు సత్తిబాబూ, పీతల మూలాన.” ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నెలన్నర కిందట ఆవిడకు గుండెలో నొప్పొచ్చి అమలాపురం ఆసుపత్రిలో పెట్టాం. ఇంటికి తెచ్చాక నడవడం కష్టమైంది. మూడు ఆదివారాలు మందిరానికి రాలేకపోయింది. అయినా రొట్టె మాత్రం మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని పిండి కలిపి చేసింది. పెనం మీద తిప్పడం మా ఆవిడ చూసుకుంది. మూడో ఆదివారం నాకు ఏదో బుద్ధి పుట్టింది. దాన్ని ధైర్యం అనలేను. ఆరాధన అయ్యాక పళ్లెంలో మిగిలిన చిన్న ముక్క రుమాల్లో చుట్టి, ఆవిడ మంచం దగ్గరికి తీసుకెళ్లాను. రుమాలు విప్పి చూపించాను. ఆవిడ చాలాసేపు దాని వైపే చూసింది. పదకొండేళ్లుగా తను చేసి తినని రొట్టె.

“ఎవరిమ్మన్నారు?” అంది.

“ఎవరూ లేదత్తా. నేనే తెచ్చాను.”

“వాళ్లకి తెలుసా?”

“తెలీదు.”

“అయితే వద్దురా. ఆయన బల్ల మీదది దొంగతనంగా తినేంత ఆకలి లేదు నాకు.” నా చెయ్యి పట్టుకుంది. “వచ్చే ఆదివారం నేనే వస్తాను. ఆటో మాట్లాడు. ఎప్పుడూ తిరిగిపోతావే ఆ బెంచీ దగ్గర, అక్కణ్ణించి ఇంకొక్క అడుగు వేస్తావా? అందరి ముందూ ఇస్తావా?”

“ఇస్తాను” అన్నాను.

“ఒక్క అడుగేరా.”

“ఆయ్, వేస్తాను అత్తా.”

ఆవిడ వచ్చింది. ఆటో దిగి, ఒక చేత్తో గోడా, ఒక చేత్తో మా ఆవిడ భుజమూ పట్టుకుని, తెల్లచీరలో వచ్చి వెనక బెంచీ చివర్న కూర్చుంది. పెద్దాయన రొట్టె విరిచారు. నేను పళ్లెం పట్టుకుని బయల్దేరాను. ఒక్కొక్క వరసా దాటుతుంటే ఆవిడ కుడిచెయ్యి ఒళ్లోంచి లేచి ముందు బెంచీ వీపు మీదకి రావడం చూశాను. ఆ ముందు బెంచీ దాకా వెళ్లాను. ఎదురుగా ఆవిడ మొహం, వెనక సంఘమంతా. నా కాళ్లు పదకొండేళ్లుగా ఏం నేర్చుకున్నాయో అదే చేశాయి. మడమ మీద తిరిగి వచ్చేశాను.

ఆటో ఎక్కించేటప్పుడు నేను తలెత్తలేదు. ఆవిడే అంది, “పర్లేదులే. మళ్లీ ఆదివారం ఉంది కదా.” ఒక్క ముక్క నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, దాన్ని పట్టుకునైనా నేను కాస్త కోపం తెచ్చుకునేవాణ్ణి.

తర్వాతి శనివారం సాయంత్రం ఐదింటికి డబ్బా తీసుకుని వెళ్లాను. రోజూ ఆ వేళకు తోడుండే మా ఆవిడ పాలకని వీధి చివరికి వెళ్లిందట. పెనం ఇంకా వెచ్చగానే ఉంది. రొట్టె గుడ్డలో చుట్టి పీట మీద పెట్టి ఉంది. అత్త మంచానికి ఆనుకుని నేల మీద కూర్చునే ఉంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్న ఆరాధన, సాయంత్రం నాలుగింటికి భూస్థాపన అనుకున్నారు. బల్లకు నిలిపేసిన మనిషికి సంఘం సమాధుల దొడ్డిలో చోటివ్వాలా అని ఒక చర్చ కూడా జరిగిందట. పెద్దాయనే పెద్దమనసు చేసుకుని, “పోయినోళ్ల మీద మనకి పట్టింపులేంటండి” అన్నారట. బెంచీ మీద ఇవ్వని చోటు మట్టిలో ఇచ్చారు. ఆ పొద్దున్న బల్ల మీద ఉన్నది ఆవిడ చేసిన ఆఖరి రొట్టె. పెద్దాయన దాన్ని విరిచారు. ఎప్పట్లాగే చక్కగా విడిచింది. నేను పళ్లెం పట్టుకుని ఆ ముందు బెంచీ దాకా వెళ్లాను, వెనక బెంచీ చివర ఖాళీగా ఉంది, తిరిగి వచ్చేశాను. వస్తూ వస్తూ ఒక ముక్క తుంచి తెల్ల చొక్కా జేబులో వేసుకున్నాను. ఎవరూ చూడకుండా. దొంగ బుద్ధి ఎక్కడికి పోతుంది!

సాయంత్రం ఆవిడ ఇంటి ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాంట్లో ఆవిడ ఫోటో కంటే శ్రద్ధాంజలి ఘటిస్తున్న పెద్దాయన ఫోటో పెద్దది. మైకు పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆవిడ ఎంత సహనశీలో చెప్పారు. సహనానికి మారుపేరు, అణకువకు ఆదర్శం, పల్లెత్తు మాట అనని మనిషి అన్నారు. ఆవిడ అణకువ ఎరగదు. గట్టు మీద నిలబడి పెద్దాయన మొహం మీద చెప్పిన మనిషి. వాళ్లు పొగుడుతున్నది ఎవర్నో నాకు అర్థం కాలేదు, బహుశా పీతల్నేమో. పెద్దాయన జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. నన్నూ మాట్లాడమన్నారు. నేను మైకు ముందుకు వెళ్లి, “మంచి మనిషండి” అని వచ్చేశాను.

పెట్టె మోసిన నలుగురిలో సత్తిబాబు ఒకడు. అన్యుడు మొయ్యొచ్చా అని ఎవరో గుసగుసగా అంటే అతనికి వినపడింది. “ఆవిడ దేవుడు నాకు తెలీదండి. ఆవిడ తెలుసండి” అని భుజం మార్చుకోకుండా దొడ్డి దాకా మోశాడు.

గోతి పక్కన పెట్టె దింపి, ఆఖరి చూపుకు మూత తీశారు. ఆవిడ చేతులు పొట్ట మీద చాచి పెట్టి ఉన్నాయి. పెద్దాయన ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. జేబులో ముక్క ఉంది. ఎవరూ చూడరు, ఇప్పుడు పెట్టేస్తే సరి అనుకుని చెయ్యి జేబులోకి పోనిచ్చాను. అప్పుడు ఆవిడ మాట గుర్తొచ్చింది. దొంగతనంగా వద్దంది కదా. చెయ్యి అక్కడే ఆపేశాను. ప్రార్థన చాలాసేపు సాగింది. లోకం చెడిపోవడం గురించి, జనం దేవుణ్ణి మరిచిపోవడం గురించి, అంతా వచ్చింది. నేను ఆగాను. చివరికి ఆమెన్ అన్నారు. అందరూ అన్నారు. ఈసారి నేను అనలేదు. అందరూ కళ్లు తెరిచేదాకా ఆగి, పెట్టె వైపు ఒక్క అడుగు వేశాను.

ముక్క బయటకు తీసేసరికి పెద్దాయన చూశారు.

“ఏంటండి మాస్టారూ అది?”

“రొట్టె అండి. పొద్దున్న బల్ల మీదది.”

“ఎవరిమ్మన్నారండి?”

“ఆవిడే అడిగిందండి. పోయిన ఆదివారం.”

నాకు ధైర్యం వచ్చిందని దయచేసి ఎవరూ అనుకోవద్దు. ఆవిడ ఒళ్లోంచి చెయ్యి చాపినప్పుడు రానిది, ఇప్పుడేం వస్తుంది. నేను వంగి, ఆవిడ కుడిచెయ్యి వెల్లకిలా తిప్పి, అరచేతిలో ముక్క పెట్టాను. వేళ్లు ముడవాలని చూశాను. బిగిసిపోయాయి, ముడుచుకోలేదు. ఆడవాళ్లు ఎంత కడిగినా పోలేదేమో, గోళ్ల కింద శనివారం నాటి పిండి తెల్లగా ఎండిపోయి ఉంది.